రైలు లేని వంతెన

పలాసలోగాని, నౌపడలోగాని, కోటబొమ్మాళిలోగాని సాయంకాలపు బండి యెక్కి దక్షిణమునకు పోవువారికి గోదావరి అర్ధరాత్రి వేళ వచ్చును. బండి చప్పుడు మారును. అంతవరకు నేలపై పరుగిడిన చక్రముల మ్రోత ఒక్కసారిగా బోలుగా, గంభీరముగా వినవచ్చును. నిద్రించుచున్న ముసలమ్మ లేచి, కొంగుముడి విప్పి, రూపాయి బిళ్ల తీసి, కిటికీ ఊచల నడుమ చేయి చాచి నదిలోనికి విసరి, దండము పెట్టి మరల పండుకొనును. ఉద్దానమునుండి కూలిపనికై దూరదేశము పోవు యువకుడు "గోదావరి వచ్చిందిరా" యని ప్రక్కవానిని తట్టి లేపును.

ఆ సమయమున బయటికి చూచినవారికి చీకటిలో మరియొక వంతెన తమ వెంటనే సాగివచ్చుచున్నట్లు కనబడును. దానిపై బండి నడువదు. 1900 మొదలు 1997 వరకు ఉత్తరమునుండి దక్షిణమునకు పోయిన తెలుగువారిని, వారి పెట్టెలను, వారి యుత్తరములను మోసిన హేవలాకు వంతెన అదియే. శ్రీకాకుళము జిల్లాలో తాతలు గోదావరిలో వేసిన రాగికానులన్నియు దాని మీదనుండి వేసినవే.

ఆ వంతెన లేని దినములలో ప్రయాణమెట్లుండెనో నేటి విద్యార్థి ఊహించుట కష్టము. బెజవాడనుండి కటకమువరకు తూర్పుకోస్తా రైలుమార్గము 1893-1896 సంవత్సరముల నడుమ తెరువబడెను.  కోటబొమ్మాళి చేలగట్ల మీదుగా పొగబండి నడచుట ఆ సంవత్సరములలోనే మొదలయ్యెను. పట్టాలు పడినవి, స్టేషనులు లేచినవి; కాని నడుమ గోదావరి యున్నది. రైలు రాజమండ్రి ఒడ్డున నిలిచిపోవలసినదే. ప్రయాణికులు మూటలు నెత్తికెత్తుకొని రేవునకు దిగి, పడవపై నది దాటి, ఆవలనున్న కొవ్వూరులో మరియొక బండి కొరకు కనిపెట్టుకొని యుండవలెను. వరదకాలములో ఆ దాటుట యెంత సుఖముగా నుండెడిదో చెప్పనక్కరలేదు. అంతటి మార్గము మైలున్నర నీటిచే రెండు ముక్కలై యుండెను.

ఆ ముక్కలను కలుపు పని 1897 నవంబరు 11వ తేదీన మొదలయ్యెను. నిర్మాణమునకు అధిపతి గ్రాన్‌విల్ వాల్టన్ అను ఇంజనీరు. కాశీలో గంగపై 1887లో తెరువబడిన డఫరిన్ వంతెనను కట్టించి చేయి తిరిగినవాడు. 1900 ఆగస్టు 30వ తేదీకి పని ముగిసినది. మూడేండ్లు నిండలేదు. అందులోను గోదావరి జూన్ దాటగానే ఉప్పొంగును. అక్టోబరు వచ్చినగాని మెత్తబడదు. కావున నిజముగా నదిలో పని చేయుటకు చిక్కినవి మూడు ఎండకాలములే యనవచ్చును.

రెండు స్తంభముల నడిమి యెడమును మనవారు ఖానా యందురు. హేవలాకు వంతెనకు 56 ఖానాలు. ఒక్కొక్కటి 150 అడుగులు. లెక్కల మాష్టారు పలకపై వేయించదగిన గుణకారమిది: ఖానాలు మాత్రమే కలిపినను 8,400 అడుగులు, మైలున్నరకు మించినది. స్తంభములు రాతికట్టడము; వానిపై ఉక్కు దూలముల అమరిక; మీద ఒకే జత పట్టాలు. ఒక బండి పోవుచుండగా ఎదురుబండి ఒడ్డున ఆగవలసినదే.

ఇసుక నదిపై స్తంభము నిలుపుట యెట్లు? ఇది పాఠ్యపుస్తకములలో ఒక పేజీకి తగిన విషయము. ఇసుకపై గోడ కట్టినచో తొలివరదకే ఇసుక కోసికొనిపోయి గోడ కూలును. అందుచే మొదట నూయివంటి గుండ్రని కట్టడమును నదిగర్భముపై నిలిపి, దాని లోపలి యిసుకను తోడివేయుదురు. లోపలి యిసుక పోయినకొలది నూయి తన బరువుచేతనే క్రిందికి దిగును. దిగినకొలది మీద మరికొంత కట్టుదురు. వరద ఎంత లోతుగా కోసినను అందని చోటికి చేరినపిమ్మట లోపల నింపి, దానిపై స్తంభమును లేపుదురు. ఈ నూతి పునాదులే మన దేశపు పెద్ద నదుల వంతెనలు పెక్కింటికి ఆధారము. మీద కనబడు ఉక్కుకంటె క్రింద కనబడని నూయి గొప్పది. వంతెనకు నాటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హేవలాకు పేరు పెట్టిరి. నూతులను దింపిన కూలీల పేర్లు ఎవరికిని తెలియవు.

ఒక జత పట్టాలతో అంతటి మార్గమునకు ఎంతకాలము చాలును? 1974లో క్రింద రైలు, మీద రోడ్డు గల రెండవ వంతెన వచ్చినది. 1997నాటికి కాంక్రీటు విల్లుల మూడవ వంతెన సిద్ధమైనది. ఆ యేడు పాతదానిని రైళ్ల సేవనుండి విరమింపజేసిరి. ఉద్యోగికి వలె వంతెనకును పదవీవిరమణ కలదు. కాని పింఛను లేదు. ప్రాచీన కట్టడముల రక్షణకై 1958లో వచ్చిన కేంద్రచట్టము నూరేండ్లు నిండినవానినే లెక్కలోనికి తీసికొనును. 1997లో హేవలాకు వంతెనకు మూడేండ్లు తక్కువ. పనిముట్టుగా దానికి కాలము తీరినది. పురాతనవస్తువుగా ఇంకను కాలము రాలేదు.

ఇక్కడనే అసలు చిక్కు. రాతిగుడిని వదలివేసినచో నూరేండ్లైనను గుడిగానే యుండును. ఉక్కువంతెన అట్లు కాదు. ఇనుమునకు నీరు, గాలి రెండును తగిలినచో త్రుప్పు పట్టును; త్రుప్పు పొరలుగా రాలి, లోపలి కొత్త ఇనుమును మరల గాలికి చూపును. దానిని ఆపు ఉపాయము ఒక్కటే: కాలము తప్పక గీకి, రంగు వేయుట. బండ్లు నడచునంతకాలము ఈ పని చేయక తప్పదు, లేనిచో ప్రాణాపాయము. బండి నడువని వంతెనకు రంగు వేయించుటకు ఏ కార్యాలయపు పద్దులలోనైనను చోటు దొరకుట దుర్లభము. కూల్చి పాతయినుముగా అమ్మినచో డబ్బు వచ్చును. నిలిపియుంచినచో డబ్బు పోవును. లెక్కలు చూచువానికి సమాధానము తెలిసియే యుండును. హేవలాకు వంతెన ఇంకను నిలిచియుండుట ఆ లెక్కకు లొంగని ఊరివారి అభిమానముచేతనే యనవలెను. దానిని విహారస్థలముగా తీర్చవలెనను మాట పలుమార్లు వినబడినది. మాటకు మాటకు నడుమ వానకాలములు గడచినవి.

ఇట్టి వంతెనకే మరియొక దేశమున ఏమి జరిగినదో చూచుట మేలు. అమెరికాలో న్యూయార్కు నగరమునకు ఉత్తరముగా హడ్సన్ నది యొడ్డున పొకీప్సీ అను ఊరు కలదు. అక్కడి రైలువంతెన 1889 జనవరి 1వ తేదీన తెరువబడెను. అనగా మనదానికంటె పదకొండేండ్లు పెద్దది. పొడవు 6,768 అడుగులు. మన ఖానాల మొత్తముకంటె తక్కువయే. కాని నీటికి 212 అడుగుల యెత్తున నిలిచినది. 1974 మే 8వ తేదీన దాని దుంగలకు నిప్పంటుకొని పట్టాలు చెడిపోయెను. బాగుచేయించు తీరిక దివాలా తీసిన రైలుకంపెనీకి లేదు. 1984లో వంతెన మొత్తమును ఒక్క డాలరునకు అమ్మివేసిరి. కొన్నది ఆస్తి కాదు, బాధ్యత. కొన్నవారు బాధ్యతను నెరవేర్చలేదు. వంతెన చేతులు మారినది.

1992లో బిల్ సెపీ అను స్థానికుడు కొందరిని కూడగట్టి, 'వాక్‌వే ఓవర్ ది హడ్సన్' అను పేరున లాభాపేక్ష లేని సంఘమును స్థాపించెను. వంతెనను నడకదారిగా మార్చవలెనని వారి సంకల్పము. విన్నవారు నవ్వి యుందురు. ఆరేండ్లకు, 1998లో, ఆ సంఘము వంతెనకు హక్కుదారైనది. ఈ సంగతి గమనింపదగినది. వారు అర్జీలు పెట్టి ఊరకుండలేదు. సభలు చేసి తీర్మానములు పంపి ఇంటికి పోలేదు. దస్తావేజు తమ పేర వ్రాయించుకొని, అంతటి ఇనుప పర్వతమును తలకెత్తుకొనిరి.

తరువాత జరిగినది కొంత బాధాకరము. ప్రజల చేతులతో, ప్రజల చందాలతోనే పని జరుగవలెను, ప్రభుత్వధనము వలదు అని స్థాపకుని పట్టుదల. అది గొప్ప పట్టుదలయే. కాని సెలవుదినములలో వచ్చు స్వచ్ఛందసేవకులు మైలుంబాతిక వంతెనను ఎన్నేండ్లకు బాగుచేయగలరు? సంఘములోనే భేదాభిప్రాయములు పొడసూపి, 2004 ప్రాంతమున నాయకత్వము మారెను. ఫ్రెడ్ షాఫర్ అను న్యాయవాది ముందునకు వచ్చెను. డైసన్ ఫౌండేషన్ అను ధర్మసంస్థ పెద్ద మొత్తములు ఇచ్చుటకు పూనుకొనెను; రాష్ట్ర, కేంద్రప్రభుత్వముల ధనమును తోడైనది. 2008లో నిర్మాణము మొదలుపెట్టి, పాత ఉక్కుపై కాంక్రీటు పలకలు పరచి, 2009 అక్టోబరు 3వ తేదీన నడకదారిని తెరచిరి. ఖర్చు 3 కోట్ల 88 లక్షల డాలర్లు. నేడది రాష్ట్రప్రభుత్వపు చారిత్రక ఉద్యానము. యేటా లక్షలమంది దానిపై నడచుచున్నారు.

పదునేడేండ్లలో కల నిజమైనది. కన్నవాడు మాత్రము తుదకు సంఘమునకు వెలుపల నుండెను. ఇందు తప్పెవరిదని తీర్పు చెప్పుట సులభము కాదు. అతడు లేనిచో వంతెన నిలిచెడిది కాదు. అతని మాటయే సాగినచో తెరువబడుట ఎప్పటికో. సంఘములు నడపిన అనుభవముగల ఉపాధ్యాయులకు ఈ కథ కొత్తగా తోచదు.

అచటి సంఘము వంతెన తెరువగానే తలుపులు మూసికొనలేదు. యాజమాన్యము ప్రభుత్వమునకు వదలి, తాను స్నేహితబృందముగా మిగిలెను. వచ్చినవారికి చరిత్ర చెప్పుట, చందాలు పోగుచేయుట, దారి ప్రక్కల పరిసరములను కనిపెట్టియుండుట దాని పని. తెరచునాడు పదిమంది మంత్రులు వత్తురు. పదియవ యేట బోల్టు వదులైనదని చెప్పుటకు ఒక్కరుండవలెను.

ఆ యొక్కరు లేనప్పుడు ఏమగునో 2022 అక్టోబరు 30వ తేదీన గుజరాతులోని మోర్బీ చూపినది. అచటి పాత వ్రేలాడు వంతెన, మరమ్మతు చేసి తెరచిన కొద్ది దినములకే, పండుగదినములలో జనము నిండియుండగా తెగిపడి 135 మందిని బలిగొన్నది. అది తీగలపై వ్రేలాడునది, హేవలాకు వంతెన రాతిస్తంభములపై నిలిచినది. రెంటికిని పోలిక లేదని ఇంజనీర్లు చెప్పుదురు, నిజమే. కాని పాతవంతెనపైకి జనమును రమ్మని పిలుచుట ఎంతటి పూచీయో రెంటికిని సమానమే. రాజమండ్రికి ఈ పాఠము మరింత దగ్గరిది. 2015 జూలై 14న పుష్కరముల తొలిదినమున, ఈ వంతెనకు చేరువనున్న ఘట్టముననే, తొక్కిసలాటలో ఇరువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. వంతెన వెడల్పు ఒక్క రైలుదారి వెడల్పు. ఎందరిని ఒక్కసారి పోనీయవలెను, ఏ వైపునుండి పోనీయవలెను అను ప్రశ్నలు రంగుదీపముల ఆలోచనకంటె ముందు రావలెను.

రాజమండ్రి నిరీక్షణకు 2025లో ఒక దారి కనబడినది. హేవలాకు వంతెనను, పుష్కరఘట్టమును, పరిసరములను కలిపి తీర్చిదిద్దుటకై 'అఖండ గోదావరి' అను పథకమునకు ఆ యేడు జూన్ 26వ తేదీన శంకుస్థాపన జరిగెను. అంచనా 94 కోట్ల 44 లక్షల రూపాయలు. కేంద్రప్రభుత్వపు సాయముతో తలపెట్టినది. 2027 పుష్కరములు దృష్టియందున్నవి. రైళ్లు ఆగిన ఇరువదియెనిమిదేండ్లకు ఆ వంతెనకు లెక్కలలో ఒక పద్దు దొరకినది. సంతోషింపవలసినదే. ధనము వచ్చినది, కాని పొకీప్సీలో ధనముకంటె ఎన్నో యేండ్లు ముందు పుట్టిన వస్తువు, అనగా సంఘము, ఇక్కడ ధనము తరువాతనైనను పుట్టవలసియున్నది. ప్రభుత్వము కట్టగలదు. ప్రతిదినము ప్రాతఃకాలమున నడచిపోవుచు, ఏ ఖానావద్ద త్రుప్పు మరల లేచినదో చూచి వ్రాయుట ఊరివారి పని.

అట్టి సంఘము పెట్టుట చట్టరీత్యా కష్టము కాదు. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సంఘముల రిజిస్ట్రేషను చట్టము ప్రకారము ఏడుగురు కలిసిన చాలును. ఒక ఉన్నతపాఠశాల ఉపాధ్యాయుల గదిలో అంతకంటె ఎక్కువమందియే యుందురు. ప్రాచీనకట్టడముల సంరక్షణకై 1984లో ఢిల్లీలో ఏర్పడిన 'ఇన్‌టాక్' అను సంస్థకు విశాఖపట్టణమునందును శాఖ కలదు. సలహా కావలసినవారు అంతదూరము పోయిన చాలును.

ఇది విదేశపు వింతయని, మనవారికి చేతకాదని అనుకొనరాదు. కోటబొమ్మాళికి దాపుననే, టెక్కలి మండలములో తేలినీలాపురము కలదు. సెప్టెంబరు ప్రాంతమున గూడబాతులు, ఎఱ్ఱకాళ్ల కొంగలు దూరమునుండి ఆ యూరికి వచ్చి, చెట్లపై గూళ్లు కట్టి, పిల్లలను పెంచి, మార్చినాటికి తిరిగి పోవును. వాని రెట్టల వాసన, రాత్రింబవళ్లు అరుపులు ఊరివారు భరింతురు. పక్షులు వచ్చిన యేడు ఊరికి శుభమని వారి నమ్మకము, కొట్టరు, కొట్టనీయరు. గూటినుండి జారిపడిన పిల్లలను ఏరి కాపాడుట కూడ అచట వాడుక. అటవీశాఖ తరువాత వచ్చినది. కాపుదల ముందునుండియే యున్నది. 2021 చివరను, 2022 మొదటను గూడబాతులు పెద్దసంఖ్యలో పురుగువ్యాధిచే చనిపోయినప్పుడు తొలుత చూచినవారును, తొలుత కలతపడినవారును ఆ ఊరివారే. వంతెనకు కావలసినదియు ఇట్టి కన్నే.

ఆ ప్రాంతమువారికి పోగొట్టుకొనుట యెట్లుండునో కూడ తెలియును. నౌపడనుండి పర్లాకిమిడికి 1900లోనే, హేవలాకు వంతెనతో ఒకే యేట, చిన్నబండి నడచుట మొదలయ్యెను. పట్టాల నడిమి యెడము రెండున్నర అడుగులు మాత్రమే. పర్లాకిమిడి రాజా వేయించిన మార్గమది. తరువాత గుణుపూరువరకు పోయెను. 2004లో ఆ చిన్నబండి ఆగినది. 2011లో అదే దారిని పెద్దబండి వచ్చినది. ప్రయాణమునకు మేలే జరిగినది, కాదనువారు లేరు. కాని బడికి పోవుచు దాని వెంట పరుగెత్తినవారు తమ మనుమలకు చూపుదమన్న ఆ దారిలో ఆ చిన్నపట్టాలు లేవు. చెప్పుటయే కాని చూపుట లేదు.

గోదావరి వద్ద ఇంకను చూపవచ్చును. కొత్త విల్లుల వంతెనకు 28 ఖానాలు, పాతదానికి 56. కావున కొత్తవంతెన ఖానా ఒక్కటికి పాతవి రెండు చొప్పున లెక్కకు వచ్చును. పగటిబండిలో పోవు పిల్లలు కిటికీవద్ద కూర్చుండి విల్లులు లెక్కించుట పరిపాటి. ప్రక్కనున్న పాతస్తంభములను గూడ లెక్కింపుమని తోడి ఉపాధ్యాయుడు చెప్పినచో, బండి వేగము తక్కువైన దినమున, కొవ్వూరు చేరులోపల లెక్క తేలును. ఒకటి రెండు తప్పిపోయినచో తిరుగుప్రయాణమున సరిచూచుకొందురు.